ఓటుతో ముగియని బాధ్యత

అయిదేళ్ళకోసారి ఓటు వేయడంతో తమ కర్తవ్యం ముగిసిందని, ఆ తర్వాత జరిగేదంతా పెద్దల వ్యవహారమని మన ఇళ్ళల్లో చాలామంది భావిస్తుంటారు. 'మన మాట ఎవరు వింటారు?' అని పురుషులు నిట్టూరుస్తారు. 'అవన్నీ మగవారు చూసుకుంటారు' అని స్త్రీలు తప్పుకుంటారు. ఈ రెండూ సరికావని గ్రహించడానికి దూరదేశాల చరిత్ర వెదకనక్కరలేదు. నెల్లూరు జిల్లాలోని దూబగుంట అనే పల్లెను జ్ఞాపకం చేసుకుంటే చాలు.

1990వ దశకం ఆరంభంలో ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం ముమ్మరంగా సాగింది. పగలంతా కూలి చేసిన స్త్రీలు రాత్రి బడిలో పలక పట్టారు. వారి వాచకంలో ఒక పాఠం ఉంది. స్త్రీలంతా ఏకమై తమ ఊరి సారా దుకాణాన్ని మూయించిన కథ అది. కూడబలుక్కుంటూ చదివిన ఆ కథలో వారికి తమ బతుకే కనిపించింది. భర్తల కూలి డబ్బు సారా పాలవుతుంటే పస్తులూ దెబ్బలూ భరించినవారు వారే. దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. వారిలో ఒకరైన రోశమ్మ పేరు రాష్ట్రమంతటా మారుమోగింది.

అయితే ఒక ఊళ్ళో దుకాణం మూతపడితే సరిపోదు. సారా అమ్మే హక్కును ప్రభుత్వమే వేలం వేసేది, కాంట్రాక్టర్లు పాడుకునేవారు, ఆదాయం ఖజానాకు చేరేది. అందువల్ల ఉద్యమం దుకాణం ముంగిటి నుంచి వేలంపాట వద్దకు సాగింది. 1992లో నెల్లూరులో స్త్రీల ప్రతిఘటన మూలంగా వేలంపాట పలుమార్లు వాయిదా పడింది. 1993 ఏప్రిల్‌లో ఆ జిల్లాలోనూ, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1994 ఎన్నికలలో సంపూర్ణ మద్యనిషేధం ప్రధాన వాగ్దానమైంది. గెలిచిన ఎన్.టి. రామారావు ప్రమాణ స్వీకార సభలోనే దానిపై సంతకం చేశారు. 1995 జనవరి 16 నుంచి అది అమలైంది.

ఆ స్త్రీలు శాసనసభ్యులు కారు, ధనవంతులూ కారు. నిర్ణయం ఎక్కడ జరుగుతుందో తెలుసుకుని, అక్కడికి కలిసి వెళ్ళడం, వాయిదా పడిన ప్రతిసారీ మళ్ళీ వెళ్ళడం, ఇదే వారి బలం. ఓటు ఆ బలానికి తోడైంది.

కథ అక్కడితో ముగిసి ఉంటే ఎంత బాగుండేది! ఆదాయం తగ్గిందన్న కారణం చూపి 1997లో ప్రభుత్వం సంపూర్ణ నిషేధాన్ని సడలించింది. సాధించుకున్నదాన్ని కాపాడుకోవడానికి కూడా అంతే అప్రమత్తత కావాలని దీనివల్ల తెలుస్తోంది.

దివ్య ఖుర్‌ఆన్ మద్యాన్ని నిషేధించింది. మంచిని ప్రోత్సహించడం, చెడును వారించడం విశ్వాసుల లక్షణమని బోధించింది. మనం సేవించకపోవడంతోనే ఈ బాధ్యత తీరిపోదు. బడి పక్కన వెలసిన మద్యం దుకాణం, నీళ్ళు రాని కుళాయి, ఉపాధ్యాయుడు లేని పాఠశాల మనకే కాదు, మన పొరుగువారందరికీ బాధ కలిగిస్తాయి. కనుక వారితో కలిసే అడుగు వేయాలి.

ముందుగా ఇంట్లో పద్దెనిమిదేళ్ళు నిండినవారందరి పేర్లూ ఓటర్ల జాబితాలో ఉన్నాయో లేదో చూడాలి. లేకపోతే ఫారం 6 సమర్పించాలి. గ్రామసభకు స్త్రీపురుషులిద్దరూ వెళ్ళాలి. సమస్య ఏ అధికారి పరిధిలోనిదో తెలుసుకుని పదిమంది సంతకాలతో విన్నపం ఇవ్వాలి. బదులు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వవలసి ఉంటుంది.

పలక పట్టిన చేతులు ప్రభుత్వ నిర్ణయాన్ని మార్చగలిగాయి. మన ఇళ్ళల్లో చదువుకున్న ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. వారు ఊరి మేలు కోసం విన్నపం రాస్తామంటే అడ్డు చెప్పకుండా, మొదటి సంతకం మనమే చేద్దాం.