మీ పేర ఉన్న అప్పులు మీరెరుగుదురా?



సీతంపేట కొండలలో ఒకప్పుడు షావుకారు కాగితముపై వేలిముద్ర వేయించుకొనెడివాడు. అందులో ఏమి వ్రాసినదీ ముద్ర వేసినవానికి తెలియదు. చింతపండు, పసుపు, కడకు భూమియు ఆ కాగితము వెంట పోయినవి. ఏజెన్సీలో 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, 1960 నాటి వడ్డీవ్యాపారుల నిబంధనలు ఆ బాధ నుండి పుట్టినవే. నేడు కాగితము తగ్గినది గాని వేలిముద్ర మిగిలియున్నది. దానికి తోడు ఆధారు నకలు చేరినది.

సంత రోజున నకళ్లు తీయు దుకాణము వద్ద చూడుడు. సరిగా పడని ఆధారు నకళ్లు బల్లక్రింద పడియుండును. వాటిని ఎవరు ఏరుకొన్నను అడుగువారు లేరు. అట్టి నకలు, ఒక ఫోను నెంబరు చేజిక్కించుకొని, మీరు గడప తొక్కని సంస్థలో మీ పేర అప్పు పుట్టించిన మోసగాండ్రు దేశములో ఉన్నారు. ఆ సంగతి మీకు తెలియునది పంటఋణమునకు పోయిన రోజుననే. మేనేజరుగారు “మీ పేర పాతబాకీ ఉన్నదండీ” అనును. అప్పటికి తొలకరి పడియుండును. 3 లక్షలలోపు పంటఋణము గడువుకు తీర్చినవారికి వడ్డీ 4 శాతమే. అది దొరకని రైతు దళారి వద్ద ముందుసొమ్ము తీసికొనును. ఇక అనాస, జీడిపిక్క అతడు చెప్పిన ధరకే పోవును.

బ్యాంకులు ఇచ్చు అప్పుల చిట్టాను సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు సంస్థలు ఉంచుచున్నవి. రిజర్వుబ్యాంకు ఆజ్ఞ ప్రకారము 2017 నుండి ఒక్కొక్క సంస్థ ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితముగా ఇయ్యవలెను. కనుక దానికై సొమ్ము అడుగువానిని నమ్మకుడు. బ్యాంకు మీ గురించి నివేదిక తెప్పించినచో, దాని నకలు అడుగుటకు 2005 చట్టము మీకు హక్కు ఇచ్చినది.

మనవారు సిబిల్ అనగానే మార్కులెన్ని అని అడుగుదురు. మార్కులు తరువాత. మీరు తీసికొనని అప్పు, మీది కాని ఫోను నెంబరు, మీరెరుగని సంస్థ మీ గురించి చేసిన విచారణ, ఇవి ముందు వెదకవలెను. హామీదారుగా సంతకము చేసిన అప్పు కూడ అందు కనబడును, కంగారుపడకుడు. అంతా దొంగల పనియే అనుకొనరాదు. సవర గూడెములలో ఇంటిపేరు, పేరు రెండును కలిసిన వారు ఇద్దరు ముగ్గురుందురు. ఒకరి బాకీ మరొకరి చిట్టాకెక్కుట అక్కడ సులభము. తండ్రి పేరు, పుట్టిన తేదీ సరిచూడుడు.

తప్పున్నచో బ్యాంకుకును, చిట్టా సంస్థకును వ్రాతమూలకముగా ఫిర్యాదు చేసి రసీదు ఉంచుకొనుడు. 30 రోజులలో పరిష్కరింపనిచో, ఆపై రోజుకు 100 రూపాయల పరిహారము ఇయ్యవలెనని 2023లో రిజర్వుబ్యాంకు ఆదేశించినది. అప్పటికీ కదలనిచో అంబుడ్స్‌మన్ ఉన్నారు, నెంబరు 14448. సొమ్ము పోయినచో వెంటనే 1930కి ఫోను చేయుడు.

గ్రామోద్యోగులకు ఒక మాట. ప్రతి పనికి నకలు అడుగు అలవాటు మనదే, నేనును అందుకు మినహాయింపు కాను. చివరి నాలుగు అంకెలు మాత్రము కనబడు ఆధారు చాలినచోట అదియే తీసికొందము. నకలుపై ఏ పనికో, ఏ తేదీయో రైతుచేత వ్రాయింతము. సిగ్నలు లేని గూడెముల రైతు నివేదికను తానుగా తెప్పించుకొనలేడు. వేసవిలో, విత్తనముల జాబితా వ్రాయు రోజులలోనే, ఆ పనియు మనము చేసిపెట్టవలెనని నా అభిప్రాయము. జూన్‌లో చేసిన ఫిర్యాదు ఆ ఏటి పంటకు అందదు.