బొమ్మకారుకు రాకెట్ ఎందుకు?

అరకిలో బరువున్న రిమోట్ కారుకు రాకెట్ బిగిస్తే ఏమొస్తుందని అడిగితే ఎవరైనా వేగమనే అంటారు. కాగితం, పెన్సిలు తీసి లెక్క వేస్తే మాత్రం ఆ వేగం ఎక్కడ అక్కరకొస్తుందో, ఎక్కడ రాదో తేలుతుంది.

ముందు రాకెట్ పక్షం వాళ్ల వాదన వినాలి. అది బలంగానే ఉంటుంది. అమెరికాలో మోడల్ రాకెట్లు ఎగరేసేవాళ్లు వాడే సీ6 మోటారు అంటే అట్టగొట్టంలో దట్టించిన తుపాకిమందే. పొడవు 7 సెంటీమీటర్లు, బరువు సుమారు 24 గ్రాములు. రెండు సెకన్లలోపే మండిపోయి దాదాపు 8.8 న్యూటన్-సెకన్ల ఊపునిస్తుంది. రాపిడిని పక్కన పెడితే అరకిలో కారు దీనితో సెకనుకు 17 మీటర్లు, అంటే గంటకు 60 కిలోమీటర్ల పైన వేగం అందుకుంటుంది. గేర్లు లేవు, కరెంటు మోటారు లేదు. ఇంత తక్కువ బరువులో ఇంత ఊపు చూసి మనసు పారేసుకోవడంలో తప్పేమీ లేదు.

ఇప్పుడు టైర్ల సంగతి చూద్దాం. పొడి తారురోడ్డు మీద మంచి రబ్బరు టైరు నేలను పట్టే బలం కారు బరువుకు దగ్గరగా ఉంటుంది. అరకిలో కారుకు అది 5 న్యూటన్లు. సీ6 సగటున ఇచ్చే తోపు కూడా ఇంచుమించు అంతే. మొదట్లో ఒక్క క్షణం 14 దాకా ఎగబాకినా వెంటనే దిగిపోతుంది. నాలుగు చక్రాలనూ తిప్పే బ్రష్‌లెస్ మోటారు కూడా అదే 5 న్యూటన్లు నేల నుంచి రాబట్టగలదు. పైగా దాని సత్తా రెండు సెకన్లతో అయిపోదు, నిమిషాల తరబడి ఉంటుంది. కాబట్టి మంచి రోడ్డు మీద రాకెట్ కొత్తగా తెచ్చేది తక్కువ.

దానికి అసలైన చోటు టైరు పట్టు దొరకని నేల: ఇసుక, దుమ్ము పట్టిన సిమెంటు, నున్నటి గచ్చు. చక్రాలు ఊరికే తిరిగే చోట కూడా రాకెట్ తోస్తుంది, దానికి నేలతో పని లేదు. చిక్కంతా ఏమిటంటే, కారును మలుపు తిప్పడానికి ముందరి టైర్లకు నేల కావాలి. పరుగుకు పట్టు అక్కర్లేని కారుకు దారి తప్పకుండా ఉండడానికి అదే పట్టు కావాలి. 1928 మే 23న బెర్లిన్‌లోని ఆవుస్ రోడ్డు మీద ఫ్రిట్జ్ ఫాన్ ఓపెల్ 24 రాకెట్లు బిగించిన రాక్ 2 కారును గంటకు 230 కిలోమీటర్లు దాటించినప్పుడు, ఆ కారుకు రెండు పక్కలా రెక్కలు పెట్టారు. ఎగరడానికి కాదు, కారును నేలకు అదమడానికి. బొమ్మకారుకూ ఇదే బాధ. గొట్టాన్ని కారు గరిమనాభి కంటే పైన బిగిస్తే ముక్కు నేలకు దిగుతుంది, కింద బిగిస్తే ముందు చక్రాలు లేస్తాయి. నాభికి సూటిగా బిగించడం కాగితం మీద తేలికే గాని, బ్యాటరీ ఉండేది సరిగ్గా ఆ చోటనే.

నన్ను ఎక్కువగా ఆపేది మాత్రం రిమోట్. రిమోట్ కారు అంటే మన వేలి మాట వినే కారు. ఒకసారి అంటుకున్న మందు ఎవరి మాటా వినదు. సిగ్నల్ పోతే కరెంటు మోటారును ఫెయిల్‌సేఫ్ ఆపేస్తుంది, మంటను ఆపలేదు. మనిషి తేరుకుని వేలు కదిపేసరికి అరసెకను పోయినా, ఆ వేగంలో కారు 8 మీటర్లు దూసుకుపోతుంది. దీనికి అటువైపు నుంచి జవాబుంది: మండేది రెండు సెకన్లే, ఖాళీ మైదానంలో దారం లాగి కట్టి దాని వెంటే పరిగెత్తిస్తే ఎవరికీ ప్రమాదం లేదు. నిజమే. కానీ దారం వెంట పరిగెత్తే కారుకు రిమోట్ దేనికి?

మధ్యేమార్గంగా కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉంది, సోడా తయారీకి వాడే చిన్న ఉక్కు గొట్టం. సర్వోతో, అంటే రిమోట్ మాట విని తిరిగే చిన్న మోటారుతో, వాల్వు తిప్పితే తోపును ఆపొచ్చు, మళ్లీ మొదలుపెట్టొచ్చు. లోపలి ద్రవం ఆవిరయ్యేకొద్దీ గొట్టం చల్లబడి మంచు పడుతుంది, పీడనం పడిపోతుంది, రెండోసారి తోపు నీరసంగా వస్తుంది. అయినా వేలి మాట వింటుంది కదా అని దీన్ని నేను మందుకు పైన పెడతాను.

దీనికీ పైన పెట్టేది నీళ్ల సీసాను. 2 లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో అరలీటరు నీళ్లు పోసి, మీటరున్న సైకిల్ పంపుతో 5 బార్ల దాకా గాలి కొడితే నీళ్లు మొదట సెకనుకు 30 మీటర్ల వేగంతో బయటికొస్తాయి. రంధ్రం 4 మిల్లీమీటర్లుంటే తోపు మొదట సుమారు 12 న్యూటన్లు, కాలం సెకనుకు కాస్త ఎక్కువ. కారు కిలో దాటి బరువెక్కుతుంది, అయినా నీళ్లు అయిపోయేసరికి అందుకునే వేగం కాగితం మీద మందు కారుకు దీటుగానే ఉంటుంది. సీసాలోని గాలి నీళ్లకు అందించే శక్తి సుమారు 200 జౌళ్లు. సీ6 నుంచి వెలువడే వాయువుల శక్తి 3,000 జౌళ్ల పైమాటే. ఇంత తేడా ఉండి ఫలితం ఒకటే ఎలా? మందు వాయువులు సెకనుకు దాదాపు 800 మీటర్ల వేగంతో పోతాయి, కారు 17 దగ్గర ఉంటుంది. శక్తిలో సింహభాగం వెనక గాలికే పోతుంది. నెమ్మదిగా వెళ్లే బండికి నెమ్మదిగా వెలువడే ధారే సరిపోతుంది.

నీళ్ల సీసాకు దాని తలనొప్పులు దానికున్నాయి. పడుకోబెట్టిన సీసాలో నీళ్లు మూతి కంటే కిందికి చేరతాయి, అందుకని మూతి దిగువకు వచ్చేలా వాలుగా బిగించాలి. గ్యాసు పానీయాల సీసానే వాడాలి, మామూలు మంచినీళ్ల సీసా ఆ పీడనానికి ఆగదు. గీతలు పడినదాన్ని పారేయాలి, గాలి కొట్టేటప్పుడు దూరంగా నిలబడాలి.

ఇంత చెప్పినా రాకెట్ పక్షం దగ్గర ఒకటి మిగులుతుంది: మంట. ఆ అందం నీళ్లకు రాదు, లెక్కలతో దాన్ని కొట్టేయలేం. కానీ మన దేశంలో లైసెన్సు లేకుండా మందు తయారుచేయడానికి 1884 నాటి పేలుడు పదార్థాల చట్టమూ, 2008 నాటి నిబంధనలూ ఒప్పుకోవు. దీపావళి తారాజువ్వను కట్టేద్దామా అంటే, దాన్ని తోక పుల్లతో పైకి పోయేలా చేశారు, నేలమీద అడ్డంగా పరిగెత్తడానికి కాదు.

నేనైతే నాలుగు చక్రాల బ్రష్‌లెస్ కారు మీదే వాల్వుతో సహా సీసా పెడతాను. ఇసుకలో బయల్దేరడానికి నీళ్లు, మలుపులకూ బ్రేకుకూ మోటారు. సీసా ఖాళీ అయ్యాక కారు మన దగ్గరికి తిరిగి రావడానికి బ్యాటరీ ఉంటుంది.