వాళ్లంతా అంతే... అనే ముందు!

క్లాసులో ఒక పిల్లాడి పెన్ను పోయింది. 'ఎవరు తీశారు?' అని సారు ఇంకా అడగనే లేదు. కళ్లన్నీ వెనక బెంచీ వైపు తిరిగాయి. అక్కడ కూర్చున్నది ఎరుకల కుటుంబం నుంచి వచ్చిన పిల్లాడు. ఇంటర్వెల్‌లో పెన్ను దొరికింది... పోగొట్టుకున్న వాడి సంచీలోనే! అందరూ నవ్వేసి ఆటకి పరుగెత్తారు. వెనక బెంచీ పిల్లాడు మాత్రం లేవలేదు.

ఇది ఫలానా బడిలో జరిగిందని చెప్పక్కర్లేదు. ఏ బడిలోనైనా జరగొచ్చు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల సంగతే చూడండి. తండాల నుంచి వచ్చే లంబాడా పిల్లలు, కోయగూడేల పిల్లలు, బుట్టలల్లే ఇళ్ల పిల్లలు, బొగ్గు గనుల్లో పనికి వచ్చిన వారి పిల్లలు, రైతుల పిల్లలు... అంతా ఒకే గదిలో చదువుకుంటారు. బెంచీ ఒకటే. కానీ ఎవరి గురించి ఎవరు ఏమనుకోవాలో ఇంటి దగ్గరే నేర్చుకుని వస్తారు.

ఆ గదిలోకే ఒకరోజు హిట్లర్ పాఠం వస్తుంది. పదో తరగతి సాంఘికశాస్త్రంలో రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలం గురించి చదువుతారు. నాజీలు 60 లక్షల మంది యూదుల్ని చంపారు, వారిలో దాదాపు 15 లక్షల మంది పిల్లలు. అంకెలు బట్టీపడతారు. హిట్లర్ చెడ్డవాడు అని రాస్తారు. మార్కులొస్తాయి. పాఠం అయిపోతుంది.

నిజానికి అక్కడే మొదలవ్వాలి!

ఒక్కో మెట్టూ...
హిట్లర్ 1933లో అధికారంలోకి వచ్చాడు. వచ్చిన రోజే ఎవర్నీ గ్యాస్ గదుల్లోకి తోయలేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో 'యూదుల దుకాణాల్లో కొనొద్దు' అన్నారు. 1935లో న్యూరెంబర్గ్ చట్టాలతో పౌరసత్వం తీసేశారు. 1938 నవంబరులో ప్రార్థనా మందిరాలు తగలబెట్టారు. ఆ నెలలోనే యూదు పిల్లల్ని సర్కారు బడుల నుంచి పంపేశారు. 1941లో ఆరేళ్లు దాటిన ప్రతి యూదూ బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టుకోవాలన్నారు. చంపడం ఆ తర్వాత పెద్దఎత్తున సాగింది.

అన్నిటికంటే కింది మెట్టు ఏది? 'వాళ్లంతా అంతే' అన్న మాట. అది మూస అభిప్రాయం. 'అందుకే వాడి పక్కన కూర్చోను' అంటే దురభిప్రాయం. 'వాణ్ని క్లాస్ లీడర్‌ని చెయ్యొద్దు' అంటే వివక్ష. ఈ మూడు మాటలకీ అర్థాలు బోర్డు మీద రాయక్కర్లేదు. పోయిన పెన్ను కథ చెబితే చాలు.

తండా లెక్క... ఐరోపా లెక్క!
నాజీలు యూదుల్నే కాదు, రోమా జాతినీ వేటాడారు. జిప్సీలని పిలిచేది వీళ్లనే. కనీసం రెండున్నర లక్షల మందిని చంపారని చరిత్రకారుల అంచనా. 'తిరుగుబోతులు, దొంగలు' అన్న ముద్ర వాళ్లమీద అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఉంది. వాళ్ల పూర్వికులు వెయ్యేళ్ల కిందట మన దేశం నుంచి వెళ్లినవారే. యేక్, దుయ్, త్రిన్, ష్తార్, పంజ్... ఇదీ వాళ్ల లెక్క. మహబూబాబాద్ తండాలో ఐదేళ్ల పాప వింటే తన బాషలాగే ఉందే అనుకుంటుంది. ఎక్కడి పాఠమో అనుకున్నది గుమ్మంలోకి వచ్చేసినట్టే కదా!

ముద్ర వేసిన చట్టం
అలాంటి ముద్ర మన దగ్గరా పడింది. బ్రిటిష్‌వాళ్లు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. ఒక మనిషి తప్పు చేశాడా లేదా అన్నది కాదు... ఏ కులంలో పుట్టాడన్నదే లెక్క. వేలిముద్రలు తీసుకోవడం, పోలీసుల దగ్గర హాజరు వేయించడం, చెప్పకుండా ఊరు దాటనివ్వకపోవడం... ఇదీ వరస. ఎరుకల కుటుంబాల కోసం 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఏర్పాటైంది. ఆ పేరు వింటే ఇప్పటికీ చాలామందికి గుర్తొచ్చేది దొంగలే!

జర్మనీలో జరిగిందీ ఇక్కడ జరిగిందీ ఒకటి కాదు. అక్కడ జాతిని తుడిచిపెట్టడానికే పూనుకున్నారు. కానీ కింది మెట్టు మాత్రం ఒకటే.

1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. కాగితం మీద ముద్ర పోయింది. మనసుల్లోది పోవద్దూ! అందుకోసమే గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం స్టూవర్టుపురం కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. మనిషిని నమ్మి చూడండి, మారతాడన్నదే ఆవిడ దారి.

మన ఊరి జవాబు
మూస అభిప్రాయానికి మందు ఉపన్యాసం కాదు, ఒక పేరు. 'తండా వాళ్లకేం తెలుసు' అనే పిల్లాడికి జనగామ ప్రాంతపు ధర్మాపురం తండా జాటోతు ఠానూ నాయక్ గురించి చెప్పాలి. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన లంబాడా రైతు ఆయన. 'బట్టలుతికే వాళ్లు' అని తేలిగ్గా తీసేసే పిల్లకి పాలకుర్తి చాకలి ఐలమ్మ కథ చెప్పాలి. పండించిన పంట కోసం ఆవిడ అదే దొరతో పోరాడింది. వీళ్లు పక్క ఊరి వాళ్లే!

అయితే ఒక జాగ్రత్త. పాఠం బాగా ఎక్కుతుందని క్లాసులో కొందర్ని యూదులుగా, కొందర్ని నాజీలుగా నిలబెట్టి ఆట ఆడించొద్దు. ఆ ఆటలో మళ్లీ నొచ్చుకునేది వెనక బెంచీ పిల్లాడే. దానికి బదులు ఆన్ ఫ్రాంక్ డైరీ గురించి చెప్పండి. పదమూడో పుట్టినరోజుకి వచ్చిన పుస్తకంలో రాసుకున్న ఆ పిల్ల, 60 లక్షల్లో ఒక అంకె కాదు, ఒక మనిషి అని అర్థమవుతుంది.

ఇంట్లో పెద్దవాళ్లకీ ఓ చిన్న పని ఉంది. ఊళ్లో ఏదైనా పోయిందని తెలియగానే 'ఫలానా వాళ్లే తీసుంటారు' అని నోటి దాకా వస్తుంది చూడండి... ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. పక్కనే పిల్లలు వింటుంటారు.

రేపు క్లాసులో పెన్ను పోతే, ఒక్క పిల్లైనా లేచి 'ముందు నీ సంచీ వెతుక్కో' అనాలి. ఆ రోజు హిట్లర్ పాఠం వచ్చినట్టే!