తోడు వెతుక్కునే ఒంటరి మహిళకు వాకబు చేసే దిక్కేదీ?

ఫోనులో పెరిగిన సంబంధాలు - ఊరి నోటికి జడిసి మోసపోతున్న వైనం

రాజమహేంద్రవరం : పూర్వం ఆడపిల్లకు సంబంధం వచ్చిందంటే ముందుగా పిల్లవాడి ఊరికి ఒక మనిషి వెళ్లేవాడు. కాఫీ హోటలు దగ్గర ఒక మాట, రైసుమిల్లు దగ్గర ఒక మాట, ఇరుగుపొరుగు వారి దగ్గర ఒక మాట కదిపేవాడు. పిల్లవాడు తాగుతాడా, అప్పులున్నాయా, లోగడ ఎక్కడైనా పెళ్లి అయిందా అన్నది తెలుసుకుని తిరిగివచ్చేవాడు. దీనినే వాకబు అనేవారు. ఇప్పుడు సంబంధాలు ఫోనులోకి వచ్చాయి. వాకబు మాత్రం వెనకబడిపోయింది. దీనివల్ల అందరికంటే ఎక్కువగా నష్టపోతున్నది ముప్ఫై దాటినా పెళ్లి కాని స్త్రీలు, వితంతువులు, విడాకులు పొందినవారు.

పట్టణాలలో దీనిని డేటింగ్ అంటున్నారు. పల్లెల్లో ఆ మాట ఎవరూ వాడరు. ‘వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారు’ అంటారు. పేరు ఏదైనా సంగతి ఒక్కటే. పెళ్లి చేసుకోవాలనుకునే స్త్రీ ముందుగా ఆ మనిషితో నాలుగు మాటలు మాట్లాడి, అతడి గుణం తెలుసుకోవాలనుకోవడం. ఇందులో తప్పేమీ లేదని చదువుకున్న పెద్దలు కూడా ఒప్పుకుంటున్నారు. అయితే తమ వీధిలో ఎవరైనా ఆ పని చేస్తే మాత్రం సహించలేకపోతున్నారు.

ఒంటరి స్త్రీలు కొద్దిమందే అనుకోవడం పొరపాటు. దేశంలో వితంతువులు, విడాకులు పొందినవారు, భర్తకు దూరమైనవారు, పెళ్లి కానివారు కలిపి 2001 జనగణన నాటికి సుమారు 5 కోట్ల 12 లక్షలు ఉండగా, 2011 నాటికి 7 కోట్ల 14 లక్షలు దాటారు. పదేళ్లలో దాదాపు 39 శాతం పెరుగుదల. ప్రతి ఊళ్లోనూ, ప్రతి వీధిలోనూ ఇటువంటి వారు ఉన్నారన్నమాట.

మగవాడికి ఒక న్యాయం

భార్య పోయిన మగవాడికి సంవత్సరీకం కాకముందే సంబంధాలు చూడడం మన గ్రామాలలో వింత కాదు. ‘ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేదు, పిల్లలకు ముద్ద పెట్టేవారు లేరు’ అంటూ బంధువులే పూనుకుంటారు. నలుగురూ నాలుగు ఊళ్లు తిరిగి వాకబు చేస్తారు. అతడు స్వయంగా వెతుక్కోవలసిన అవసరమే రాదు.

అదే వయసులో భర్త పోయిన స్త్రీ సంగతి వేరు. కుట్టు మిషను మీద బిడ్డను సాకుకుంటున్న ఒక ఇరవై తొమ్మిదేళ్ల వితంతువు విషయంలో రెండేళ్లయినా పెళ్లి మాట ఎత్తిన బంధువు లేడు. ఆమే ఒకరోజు పిన్నిగారి దగ్గర నోరు తెరిచి అడిగితే, ‘నీకిప్పుడు పెళ్లేమిటమ్మా, బిడ్డను చూసుకుని బతకరాదా’ అన్న జవాబు వచ్చింది. ఆమె మళ్లీ ఎవరినీ అడగలేదు. ఫోనులో వెతుక్కోవడం మొదలుపెట్టింది.

పెళ్లి కాని వారి ఇబ్బంది మరో రకం. కడియం వైపు ఒక నర్సరీలో లెక్కలు రాసే ముప్ఫై నాలుగేళ్ల మహిళ, తండ్రి పోయిన తరువాత ఇద్దరు తమ్ముళ్లను చదివించి ఒక దారికి తెచ్చింది. ఇప్పుడు చూడడానికి వచ్చేవారు ముందుగా జీతం ఎంత అని అడుగుతున్నారు. ఆ తరువాత ‘ఇంతవరకు ఎందుకు కాలేదు’ అని అడుగుతున్నారు. మొదటి ప్రశ్నకు జవాబు విని సంతోషించినవారే రెండవ ప్రశ్నకు జవాబు విని అనుమానిస్తున్నారు. నలభై దాటినవారు, పిల్లలున్నవారు కూడా ఆమెకు ఇక ఎంపిక చేసుకునే హక్కు లేనట్టు మాట్లాడుతున్నారని ఆమె తల్లి వాపోతున్నారు.

మంచీ ఉంది, చెడూ ఉంది

ఫోను వచ్చిన తరువాత ఇటువంటి స్త్రీలకు కొంత మేలు జరిగిన మాట నిజం. పెళ్లిచూపుల్లో తలవంచుకుని పావుగంట కూర్చోవడానికి, నెల రోజులు మాట్లాడి మనిషిని తెలుసుకోవడానికి చాలా తేడా ఉంది. నచ్చకపోతే నచ్చలేదని చెప్పే అవకాశం కూడా వచ్చింది. తన మాట వినేవాడెవడో, తన జీతం లెక్క మాత్రమే వినేవాడెవడో నాలుగు సంభాషణల్లో తెలిసిపోతోందని కొందరు చెబుతున్నారు.

కాగా, ముఖాముఖి కలుసుకోవలసి వచ్చినప్పుడే అసలు చిక్కు వస్తోంది. ఇంటికి రమ్మంటే వీధి అంతా చూస్తుంది. రాజమహేంద్రవరంలో ఏ ఘాట్ దగ్గరో, హోటల్లోనో కలుసుకుంటే ఊరివారు ఎవరో ఒకరు తారసపడనే పడతారు. ఆమె ఎక్కిన బస్సు ఊరు చేరకముందే కబురు చేరుతుంది. అతడిని మాత్రం అడిగేవారు ఉండరు. ఈ కారణంగా చాలామంది స్త్రీలు ఎవరికీ చెప్పకుండా, ఎవరినీ వెంటబెట్టుకోకుండా, ఎవరూ చూడనిచోట కలుసుకోవడానికి ఒప్పుకుంటున్నారు. ఇది ఎంత ప్రమాదమో వారికి తెలియక కాదు. ఊరి నోటికి భయపడి ఆ ప్రమాదానికి సిద్ధపడుతున్నారు.

పార్సెల్ వచ్చింది, సుంకం కట్టండి

గోదావరి గట్టు వెంబడి ఉన్న ఒక గ్రామంలో విడాకులు పొందిన ఒక మహిళకు పెళ్లి సంబంధాల యాప్ ద్వారా ఒకడు పరిచయమయ్యాడు. ఇంగ్లండులో డాక్టరునని చెప్పాడు. రెండు నెలలు ఉదయం సాయంత్రం క్షేమసమాచారాలు కనుక్కున్నాడు. భోంచేశావా అని అడిగే మనిషి దొరికాడని ఆమె సంబరపడింది. తరువాత బంగారం, బట్టలు పార్సెల్ పంపానన్నాడు. మర్నాడు ఢిల్లీ విమానాశ్రయంలో కస్టమ్స్ వారమంటూ ఫోను వచ్చింది. సుంకం కట్టకపోతే కేసు అవుతుందని బెదిరించారు. ఆమె మహిళా సంఘంలో అప్పు తీసుకుని మూడు దఫాలుగా డబ్బు పంపింది. ఆ తరువాత డాక్టరూ లేడు, పార్సెలూ లేదు.

ఈ మోసం కొత్తది కాదు. దేశమంతటా ఇదే కథ, ఇదే పార్సెల్. కస్టమ్స్ శాఖ వారు ఫోను చేసి ప్రైవేటు వ్యక్తుల ఖాతాలలో సుంకం వేయమని అడగరని ఆ శాఖ పదేపదే ప్రకటనలు ఇస్తోంది. ఇటువంటి మోసం జరిగిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేస్తే డబ్బు చేతులు మారకముందే బ్యాంకులో నిలిపివేసే వీలుంటుంది. గంటలు గడిచేకొద్దీ ఆ వీలు తగ్గిపోతుంది.

ఆ మహిళ 1930కి ఫోను చేయలేదు. పోలీసు స్టేషనుకూ వెళ్లలేదు. ‘పెళ్లి కోసం ఫోనులో తిరిగింది, తగిన శాస్తి అయింది’ అంటారని భయపడింది. సంఘం అప్పు తల్లి వైద్యానికని ఇంట్లో చెప్పింది. ప్రతి నెలా వాయిదా కడుతూనే ఉంది. మోసగాడు తీసుకున్నది డబ్బు మాత్రమే. ఫిర్యాదు చేసే ధైర్యం లేకుండా చేసింది మాత్రం ఊరే.

చట్టం ఏమి చెబుతోంది

వితంతువులను వెనక్కు లాగుతున్న పెద్ద భయం ఆస్తి. మళ్లీ పెళ్లి చేసుకుంటే మొదటి భర్త వాటా పోతుందని అత్తవారి వైపువారు చెప్పడం, అది నమ్మి వీరు ఊరుకోవడం జరుగుతోంది. ఇది పాత మాట. 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టంలో అటువంటి నిబంధన ఉండేది. ఆ చట్టాన్ని 1983లో రద్దు చేశారు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త వీలునామా రాయకుండా చనిపోతే, అతడి సొంత ఆస్తిలో భార్యకు పిల్లలతోనూ, అత్తగారితోనూ సమానంగా వాటా వస్తుంది. ఆ విధంగా సంక్రమించిన వాటా ఆ తరువాత ఆమె పెళ్లి చేసుకున్నంత మాత్రాన పోదని 2008లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

రెండవ విషయం విడాకులు. ‘పెద్దమనుషుల సమక్షంలో కాగితం రాసుకుని విడిపోయాము’ అని చెప్పే మగవారు ఎందరో ఉన్నారు. కులాచారం ప్రకారం విడిపోయే పద్ధతి ఉన్నదని కోర్టులో రుజువు చేయగలిగితే తప్ప ఆ కాగితం చెల్లదు. హిందూ వివాహ చట్టం (1955) ప్రకారం మొదటి భార్య బతికి ఉండి, విడాకులు కాకుండా చేసుకున్న రెండవ పెళ్లి పెళ్లే కాదు. కోర్టు డిక్రీ ఉన్నా, అప్పీలుకు ఇచ్చిన 90 రోజుల గడువు దాటిందో లేదో చూసుకోవాలి. మొదటి పెళ్లిని దాచిపెట్టి మరొకరిని చేసుకున్నవాడికి భారతీయ న్యాయ సంహితలోని 82వ సెక్షను కింద పదేళ్ల వరకు శిక్ష ఉంది.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన అదే సంహితలో 69వ సెక్షను కూడా ఉంది. చేసుకునే ఉద్దేశం లేకుండానే పెళ్లి చేసుకుంటానని నమ్మించి స్త్రీని శారీరకంగా లోబరచుకుంటే పదేళ్ల వరకు జైలు, జరిమానా విధించవచ్చు. తన అసలు పేరూ ఊరూ దాచి పెళ్లాడినా మోసం కిందకే వస్తుంది. అయితే నిజంగా చేసుకోవాలనుకుని, తరువాత ఏదో కారణాన కుదరకపోతే అది ఈ నేరం కాదు. మొదటి నుంచీ మోసపు ఉద్దేశం ఉన్నదని రుజువు కావాలి. అందుచేత ఫోను సందేశాలను కోపంలో చెరిపేయకుండా దాచుకోవడం అవసరం.

పెళ్లి సంబంధాల వెబ్‌సైట్లు సభ్యుల గుర్తింపు పత్రాలు తీసుకోవాలని, ఫిర్యాదులు వినడానికి ఒక అధికారిని నియమించాలని కేంద్రప్రభుత్వం 2016 జూన్‌లో సూచనలు జారీచేసింది. అయితే గుర్తింపు కార్డు మనిషి పేరు చెబుతుందే కాని గుణం చెప్పదు. ఆ పని చేయవలసింది వాకబే.

వాకబు ఎవరు చేయాలి

ఒక మంచి ఉదాహరణ కూడా ఉంది. విడాకులైన ఒక ఉపాధ్యాయురాలికి ఫోనులోనే ఒక సంబంధం పరిచయమైంది. అతడు మొదటి వారంలోనే కోర్టు డిక్రీ నకలు పంపించాడు. కలుసుకోవడానికి తన అక్కగారిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె తన మేనమామకు విషయం చెప్పింది. మేనమామ కోప్పడలేదు. బస్సెక్కి అతడి ఊరు వెళ్లి, పాత పద్ధతిలోనే కాఫీ హోటలు దగ్గర కూర్చుని విచారించి వచ్చాడు. పెళ్లి జరిగింది, రిజిస్టరు కూడా అయింది. ఎంచుకున్నది ఆమె, వాకబు చేసింది మేనమామ. ఇంతకంటే పెద్ద కిటుకు ఇందులో లేదు.

ఈ మాత్రం సాయం ప్రతి ఒంటరి స్త్రీకీ దొరకాలి. అన్నదమ్ములు, మేనమామలు ముందుకు రానిచోట మహిళా సంఘాల వారు ఆ బాధ్యత తీసుకోవచ్చు. జిల్లాలో సంఘం లేని ఊరు లేదు. అవతలి ఊరి సంఘానికి ఒక కబురు పెడితే అక్కడి మనిషి మంచిచెడ్డలు ఒక పూటలో తెలుస్తాయి. అప్పు ఇచ్చేముందు ఇన్ని ప్రశ్నలు అడిగే సంఘం, సభ్యురాలి జీవితం విషయంలో నాలుగు ప్రశ్నలు అడిగిపెట్టడం కష్టమేమీ కాదు.

తోడు వెతుక్కునే స్త్రీలు కూడా కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. చూడని మనిషికి డబ్బు పంపకూడదు. వీడియో ఫోనులో ముఖం చూపించడానికి సాకులు చెప్పేవాడిని నమ్మకూడదు. మొదటిసారి కలిసేది పగటిపూట, నలుగురు తిరిగేచోట అయి ఉండాలి. ఎక్కడికి వెళుతున్నదీ ఒక్కరికైనా చెప్పి వెళ్లాలి. ఇబ్బంది ఎదురైతే 181 మహిళా సహాయ నంబరు ఉంది. న్యాయ సలహాకు 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. 1987 నాటి చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది.

జిల్లా న్యాయసేవాధికార సంస్థవారు గ్రామాలలో పెట్టే సదస్సులలో వితంతువుల ఆస్తి హక్కు, రెండవ పెళ్లి, ఫోను మోసాల గురించి ప్రత్యేకంగా చెప్పవలసిన అవసరం ఉంది. పోలీసు స్టేషనుకు వచ్చిన స్త్రీని ‘ఫోనులో ఎందుకు మాట్లాడావు’ అని ప్రశ్నించకుండా ఫిర్యాదు రాసుకునేలా అధికారులు చూడాలి.

కందుకూరి వీరేశలింగం పంతులు 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించినది ఈ రాజమహేంద్రవరంలోనే. ఆనాడు వెలివేస్తామని బెదిరించినా పంతులుగారు వెనుదీయలేదు. ఇప్పుడు వెలి లేదు, చట్టం కూడా అండగా ఉంది. అయినా చుట్టుపక్కల ఊళ్లలో స్త్రీలు తమకు తోడు కావాలన్న మాటను గుట్టుగా ఫోనుతో మాత్రమే చెప్పుకోవలసి వస్తోంది. ఆ మాట ఇంట్లో చెప్పుకునే వీలు కల్పించడానికి ఖర్చేమీ కాదు. వినేవారు నోరు అదుపులో పెట్టుకుంటే చాలు.