ఇంగ్లిష్ సారు, ఇన్‌చార్జి హెచ్చెం, సంపాదకుడు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఏ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు వెళ్లినా రాతకోతల పని ఎవరిదని అడగనక్కర్లేదు. ఇంగ్లిష్ సారుదే. డీఈవో ఆఫీసుకు జవాబు రాయాలన్నా, కలెక్టరుకు అర్జీ పెట్టాలన్నా, ఎవరో దాత కంప్యూటర్లు ఇస్తానంటే కాగితాలు తయారు చేయాలన్నా అందరూ ఆయన వంకే చూస్తారు. హెడ్మాస్టరు పోస్టు ఖాళీ అయి సీనియారిటీ కలిసొస్తే ఇన్‌చార్జి బాధ్యతా ఆయన నెత్తినే పడుతుంది. పంద్రాగస్టుకు గోడపత్రిక, వార్షికోత్సవానికి సంచిక ఎటూ ఉన్నవే. తీరా పదవీ విరమణ సభలో చదివే పరిచయంలో బోధన ఇన్నేళ్లు, ప్రధానోపాధ్యాయుడిగా ఇన్నేళ్లు అని లెక్క చెప్పి, సంపాదకత్వాన్ని మాత్రం చదరంగం, తోటపని సరసన అభిరుచుల పద్దులో రాసేస్తారు. మా పేచీ అక్కడే.

ఎందుకంటే ఈ నేల మీద పుట్టిన పెద్ద సంపాదకుడు కూడా పిల్లల బాగోగులు చూసే పని నుంచే పత్రికలోకి వచ్చాడు. సురవరం ప్రతాపరెడ్డి 1896లో బోరవెల్లిలో పుట్టారు. స్వగ్రామం ఇటిక్యాలపాడు, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా. మద్రాసులో చదువుకుని హైదరాబాదు వచ్చాక రెడ్డి హాస్టల్ బాధ్యత తీసుకున్నారు. 1918లో ఆ హాస్టల్‌ను నెలకొల్పిన రాజబహదూర్ వేంకటరామారెడ్డిది వనపర్తి సంస్థానంలోని ఊరే. పల్లెల నుంచి వచ్చిన పిల్లల తిండి, పడక, చదువు, గ్రంథాలయం చూస్తూనే 1926 మే 10న ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తొలినాళ్లలో రాయడమూ ఆయనే, ప్రూఫులు దిద్దడమూ ఆయనే, గుమాస్తా పనీ ఆయనదే. తెలంగాణలో కవులే లేరని ఒకరు అన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చిన సంగతి అందరూ చెబుతారు. అన్ని ఊళ్ల నుంచి అంతమంది పద్యాలు రప్పించడం, పేర్లు, ఊర్లు సరిచూడడం, పోయినవాటికి మళ్లీ ఉత్తరాలు రాయడం ఎలాంటి పనో హాస్టల్ నడిపినవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ సంచికలో మాకు కవిత్వం ఎంత కనిపిస్తుందో, పట్టీ తయారు చేసే ఓపికా అంతే కనిపిస్తుంది.

అయితే ఈ కథలో మనం తొందరగా దాటేసే సంగతి ఒకటుంది. హాస్టల్‌కు కొండంత అండగా నిలిచిన వేంకటరామారెడ్డి నిజాం నగర కొత్వాలు, అంటే పోలీసు పెద్ద. ప్రతాపరెడ్డి పత్రిక ఆ నిజాం రాజ్యంలోనే తెలుగువాళ్ల కడగండ్లను అచ్చువేసేది. సంస్థ నడవాలంటే సర్కారుతో సఖ్యత కావాలి. పత్రిక నడవాలంటే చూసింది రాయాలి. రెండు పనులూ ఒకే మనిషివైతే రోజూ ఎక్కడో ఒకచోట అవి ఢీకొంటాయి. అలా ఢీకొనడమే ఆ రచనకు పదును పెట్టిందని మేమనుకుంటాం. కోస్తాలోనూ ఇదే వరస. 1874లో వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టేనాటికి కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బడి పెద్ద. అధికారుల లంచగొండితనం మీద రాస్తూనే మళ్లీ బడికి వెళ్లేవారు.

ఇప్పటి సంగతికొద్దాం. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్‌ను విడదీసినప్పుడు పుట్టినవే ఈ మూడు జిల్లాలు. 2011 జనగణన ప్రకారం గద్వాల ప్రాంతంలో చదువు వచ్చినవాళ్లు సగం మందే. రాష్ట్రంలో అదే అడుగు. సర్కారు బడులను బాగుచేసే ‘మన ఊరు – మన బడి’ పథకాన్ని అప్పటి ముఖ్యమంత్రి 2022 మార్చి 8న వనపర్తిలోనే ప్రారంభించారు. ఆ ఏడాది జూన్ నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పాఠ్యపుస్తకం తెరిస్తే ఒక పక్క తెలుగు, ఎదురుగా ఇంగ్లిష్. పిల్లవాడి కన్ను ఏ పేజీ మీద వాలుతోందో చూసి, ఎప్పుడు రెండో పేజీకి తిప్పాలో తేల్చుకోవాల్సింది క్లాసులో నిలబడ్డ టీచరు. గద్వాల వైపు నడిగడ్డ పిల్లల తెలుగులో కన్నడం కలిసి ఉంటుంది. అమ్రాబాద్ వైపు చెంచు పిల్లల నుడికారం వేరు. వీళ్లందరినీ ఒకే మూసలో పోయకుండా చదివించడమంటే అది సగం సంపాదకుడి పనే.

పదో తరగతి నామినల్ రోల్స్ గురించి చెప్పకపోతే ఈ మాట పూర్తికాదు. పిల్లల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీలు ఇంగ్లిష్‌లో పంపాలి. అడ్మిషన్ రిజిస్టరులో ‘లక్ష్మి’ ఒక ఐతో ముగుస్తుంది, ఆధార్‌లో డబుల్ ఈతో. తండ్రి పేరు ఒకచోట చిన్న నాగన్న, ఇంకోచోట సి. నాగన్న. ఇంటిపేరు ముందా, వెనకా? అమ్మను పిలిపిస్తే ఆమె పత్తిచేను నుంచి వచ్చి, వేలిముద్ర వేసి, ‘ఏదుంటే అదే రాయుండ్రి సారూ’ అని వెళ్లిపోతుంది. ఆ ఒక్క అక్షరం తప్పు పోతే మెమోలో పడుతుంది, మెమో నుంచి ఇంటర్ సర్టిఫికెట్‌లోకి, అక్కడి నుంచి ఉద్యోగం ఫైలులోకి. దాన్ని దిద్దించుకోవడానికి ఆ పిల్ల పెద్దదై మళ్లీ అదే బడి గుమ్మం ఎక్కాలి. మా పత్రికలో అచ్చుతప్పు దొర్లితే తర్వాతి సంచికలో సవరణ వేసి చేతులు దులుపుకుంటాం. హెడ్మాస్టరుకు ఆ సౌకర్యం లేదు. ఈ ప్రాంతంలో అన్నిటికన్నా బరువైన ప్రూఫ్ రీడింగ్ సాగేది బడి ఆఫీసు గదిలోనే.

బడి, అచ్చు కలిసిన దారి ఒకటి వనపర్తి రాజావారి ఇంట్లోనూ కనబడుతుంది. వనపర్తి సంస్థానం వారసుడు రాజా రామేశ్వరరావు రాజ్యాలు పోయాక లోక్‌సభకు వెళ్లారు, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థకు అధ్యక్షుడయ్యారు. దేశమంతా పిల్లల చేతుల్లోకి ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాలు పంపిన సంస్థ అది. ఆయన భార్య శాంతా రామేశ్వరరావు ఇంగ్లిష్‌లో నవల రాశారు, పురాణ కథలను పిల్లల కోసం తిరగరాశారు, 1961లో విద్యారణ్య పాఠశాల స్థాపించారు. ఇంగ్లిష్ రచన, పుస్తక ప్రచురణ, బడి నడపడం ఒకే ఇంట్లో కలిశాయి. కాకపోతే బడి లేచింది హైదరాబాదులో. వనపర్తికి దక్కింది రాజావారి ప్యాలెస్‌లో వెలసిన పాలిటెక్నిక్. అది చిన్నదేమీ కాదు, కానీ ఆ ఇంగ్లిష్ కథల పుస్తకాలు పానగల్, పెబ్బేరు బడుల దాకా ఎన్ని చేరాయో ఊహించుకోవచ్చు.

నాగర్‌కర్నూల్‌లో ఇంకో దారి కనబడుతుంది. కపిలవాయి లింగమూర్తి (1928–2018) చెప్పింది తెలుగు పాఠాలే. ముందు ఉన్నత పాఠశాలలో, తర్వాత పాలెం ఓరియంటల్ కళాశాలలో. సెలవు దొరికితే ఊళ్లు తిరిగి గుళ్ల చరిత్రలు, మరుగునపడ్డ కావ్యాలు సేకరించి, పరిష్కరించి అచ్చువేయించారు. జీతం రాళ్లు కాగితానికీ అచ్చుకూలికీ కరిగించే ఆ జాతి ఉపాధ్యాయులు ఇప్పుడు తగ్గారని మాత్రం గొణగక తప్పదు.

తగ్గడానికి బడి సంచికలే సాక్ష్యం. వజ్రోత్సవ సంచిక అని పెద్ద పుస్తకం చేతిలో పెడతారు. ముందు మంత్రిగారి సందేశం, తర్వాత ఎమ్మెల్యేగారిది, జడ్పీ చైర్మన్‌ది, దాతల ఫోటోలు. వెనక ఎక్కడో పిల్లల రచనలు, అన్నీ ‘పర్యావరణ పరిరక్షణ’, ‘సెల్‌ఫోన్ లాభనష్టాలు’. ఎవరి పేరు తీసి ఎవరి పేరు పెట్టినా తేడా తెలియదు. ఎర్ర సిరా పెన్నుతో దిద్దే చేతికి అన్ని వ్యాసాలూ ఒకేలా కనిపించాలనే కోరిక ఉంటుంది. సంపాదకుడికి ఉండాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకమైన కోరిక.

ఒక ఉదాహరణ ఊహిద్దాం. గట్టు మండలంలో తొమ్మిదో తరగతి పిల్ల సీడ్ పత్తిలో క్రాసింగ్ పని గురించి రాసిందనుకోండి. సాయంత్రం మొగ్గలు విప్పి లోపలి కేసరాలు తీసేయడం, మర్నాడు పొద్దున మగపూల పుప్పొడి అద్దడం, గోళ్లు నల్లబడటం, వంగి వంగి నడుం పట్టేయడం. ఇంగ్లిష్ టీచరుగా ఆయనకు అందులో టెన్సు తప్పులు కనబడతాయి. ఇన్‌చార్జి హెచ్చెంగా ఇంకొకటి కనబడుతుంది: ఆ పిల్ల చేలో ఉన్నానన్న రోజుల్లో హాజరు పట్టీలో ఏముంది? అచ్చువేస్తే పైనుంచి సంజాయిషీ అడుగుతారు. వేయకపోతే బడి వెలువరించే సంచికలో నిజమున్న ఒక్క పేజీ పోతుంది. వేయమనే మా సలహా. పేరు, ఊరు గుర్తుపట్టకుండా మార్చి, టెన్సులు దిద్ది, గోళ్ల సంగతి మాత్రం ముట్టుకోకుండా. ఆ తర్వాత అదే మనిషి హెచ్చెం కుర్చీలో కూర్చుని ఆ ఇంటికి కబురు పెట్టాలి, పిల్లను బడికి రప్పించాలి. పత్రికాఫీసులో కూర్చున్న మావంటివాళ్లకు ఆ రెండో పని చేసే అవకాశం లేదు. అచ్చువేసి ఊరుకుంటాం.

అందుకే ఈ మూడు జిల్లాల హైస్కూళ్లలో పాఠం చెబుతూ, బడి నడుపుతూ, గోడపత్రికో సంచికో తెస్తున్న వాళ్ల కోసం మా పత్రికలో నాలుగు పేజీలు తీసిపెడుతున్నాం. పిల్లల రచనలు తెలుగులోనైనా ఇంగ్లిష్‌లోనైనా, రెండూ కలిసినా పంపండి. చేతిరాతైతే ఇంకా మంచిది, కొట్టివేతలు కూడా చూస్తాం. మీరు ఏం దిద్దారో, ఏం దిద్దకుండా వదిలారో, ఎందుకో ఒక పేజీ రాయండి. దాన్నీ మీ పేరుతోనే వేస్తాం, సంపాదకుడిగా. ప్రూఫులు మీకే తిరిగి పంపుతాం. దసరా సెలవులు ఇచ్చేలోపు చేరినవి దీపావళి సంచికలోకి వస్తాయి.