జై హనుమాన్, ముందే చెప్పేసిన డేటు

పోయినసారి యాడికి వెళ్ళినప్పుడు బస్సు దిగీ దిగగానే మా అక్క కొడుకు అడిగిన మొదటి ప్రశ్న, "మామా, జై హనుమాన్ ఎప్పుడొస్తాది?" సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అన్నీ తెలుస్తాయని వాడి నమ్మకం. నాకేం తెలుసురా అన్నాను. "2025 అని సినిమాలోనే ఏసినారు గదా" అన్నాడు.

వాడన్నది నిజమే. హను-మాన్ 2024 జనవరి 12న, గుంటూరు కారం వచ్చిన రోజే వచ్చింది. మొదట్లో థియేటర్లు సరిగ్గా దొరకలేదు, తర్వాత నోటిమాట మీదే ఆడింది. హనుమంతుడు రాముడికిచ్చిన మాట ఏంటో 2025లో చెప్తామని మనల్ని ఇంటికి పంపించారు. అదే నెల 22న, అయోధ్యలో ప్రాణప్రతిష్ఠ రోజున, రెండో భాగం పని మొదలైందని ప్రశాంత్ వర్మ ప్రకటించాడు. అక్టోబరు 30న రిషబ్ శెట్టి ఫస్ట్ లుక్ కూడా వచ్చింది. 2025 వెళ్ళిపోయింది, సినిమా రాలేదు. రాముడికిచ్చిన మాట సంగతి సరే, మాకిచ్చిన మాట సంగతేంటండీ :)

ఆలస్యం మీద నాకు కోపం లేదు. ఆ నేరం నేనూ చేశాను. ఒకచోట పనిచేసేటప్పుడు వెర్షన్ వన్ డెమో అదిరిపోయింది. ఆ ఊపులో మా మేనేజరు వెర్షన్ టూ డేటు క్లయింటుకి చెప్పేశాడు. డిజైన్ లేదు, మనుషుల్లేరు. పక్కనే కూర్చుని తల ఊపింది నేనే. తర్వాత ఎనిమిది నెలలు కోడ్ కంటే సంజాయిషీ మెయిళ్ళే ఎక్కువ రాశాం.

పైగా ఇది ఒక్క సినిమా కాదు, యూనివర్స్ అట. అధీర, మహాకాళి... పోస్టర్లు ముందు, సినిమాలు తర్వాత. 2017లో యూనివర్సల్ వాళ్ళు డార్క్ యూనివర్స్ అని లోగో, స్టార్లందరి ఫొటో వదిలారు. మొదటి సినిమా ద మమ్మీ దెబ్బతినగానే మొత్తం మూసేశారు. మార్వెల్ మాత్రం 2008లో ఐరన్ మ్యాన్ చివర ఒక చిన్న సీను పెట్టి, మధ్యలో నాలుగు సినిమాలు తీసి, 2012లో గానీ అవెంజర్స్ దాకా రాలేదు. ఆ సీను చూడకుండా లేచొచ్చినా ఐరన్ మ్యాన్‌కి లోటు లేదు. పోయిన ఏటి వాన చూసి ఈ ఏడు అప్పు చెయ్యగూడదని మా నాన్న అంటాడు. శనక్కాయ వేసేవాళ్ళకి రోడ్‌మ్యాప్ గురించి ఒకరు చెప్పక్కర్లేదు.

అసలు నా భయం డేటు గురించి కాదు. హను-మాన్‌లో మా ఊరోళ్ళకి నచ్చింది హనుమంతు. చిల్లర దొంగతనాలు చేస్తూ, అక్క చేత తిట్లు తినే కుర్రాడు. ఏమీ లేనివాడికి బలం వస్తే అది కథ. దేవుడు చివర్లో వచ్చాడు కాబట్టే ఒళ్ళు పులకరించింది. ఇప్పుడు ఆ దేవుడే హీరో అంటే ఇక ఇబ్బంది ఎవరికి? అన్నట్టు, దీనికి మన పురాణంలోనే దారుంది. శాపం వల్ల హనుమంతుడికి తన బలం తనకే గుర్తుండదు, జాంబవంతుడు గుర్తు చెయ్యాలి. గ్రాఫిక్స్ కంటే ముందు అక్కడ కూర్చుని రాస్తే బాగుంటుందని నా ఆశ.

ఇంకోటి. ఇక్కడ ఫ్యాన్స్ వేరు, భక్తులు వేరు. మా అమ్మకి హనుమంతుడంటే కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామి. ఏ హీరో వేసినా ఆమె పోల్చేది ఆ స్వామితోనే. 2023లో ఆదిపురుష్ వాళ్ళు ప్రతి థియేటర్లో హనుమంతుడికి ఒక సీటు ఖాళీగా ఉంచుతామన్నారు. చివరికి ఆ హనుమంతుడి డైలాగులకే తిట్లు పడితే, రిలీజైన కొద్దిరోజులకే మార్చుకున్నారు. మన భాషలో చెప్పాలంటే ప్రొడక్షన్‌లో ప్యాచ్.

ప్రశాంత్ వర్మకి చేతకాదని కాదు. 2021లో మా సీమ ఫ్యాక్షన్లోకి జాంబీల్ని దించి జాంబీ రెడ్డి తీస్తే పగలబడి నవ్వుకున్నాం. అప్పుడు రోడ్‌మ్యాప్ లేదు, ఒక మంచి ఐడియా ఉంది.

హను-మాన్ చూసినప్పుడు మావాడు ఏడో తరగతి. తాడిపత్రి నుంచి ఇంటికొచ్చేదాకా చేతిలో కర్ర గదలా తిప్పుతూనే ఉన్నాడు. ఇప్పుడు తొమ్మిది. ఇంకో రెండేళ్ళకి ఇంటర్, హాస్టలు. అప్పటికి బస్టాండుకొచ్చి నన్ను ఈ ప్రశ్న అడుగుతాడో లేదో.