గల్లీలో 150 గుర్రాలు

'అన్నా! వెర్నా టర్బో కొనమంటావా, వర్టస్ జీటీ కొనమంటావా? స్లావియా సంగతేంటి? హోండా సిటీ పెద్దవాళ్ళ బండి అంటున్నారు, నిజమేనా?' అంటూ వారాసిగూడ నుంచి ఓ తమ్ముడు ఉత్తరం రాశాడు. అడుగున చిన్న అక్షరాలతో ఇంకో ముక్క: 'లోనుకు తక్కువపడింది నాన్న రిటైర్మెంటు డబ్బులోంచి ఇస్తానన్నాడు.' సినిమా పత్రికలో కార్ల గోలేమిటయ్యా అని విసుక్కునేవాళ్ళు ఈ వారానికి ఓపిక పట్టాలి. ఆ చివరి ముక్క చదివాక ఊరుకోబుద్ధి కాలేదు.

మన తెరమీద ఒకప్పుడు విలన్ దిగాలంటే కాంటెస్సాలోంచే దిగేవాడు. 1984లో వచ్చిన ఆ పొడుగు బండిలో మొదట పెట్టింది ఏ ఇంజననుకున్నారు? పాత అంబాసిడర్‌దే! 1.5 లీటర్లు, సుమారు 50 గుర్రాల బలం. మేకప్ విలన్‌ది, గుండె గుమాస్తాది. ఈనాటి వర్టస్ జీటీలోనూ 1.5 లీటర్లే. బలం మాత్రం 150. అదీ టర్బో మహిమ.

వర్టస్, స్లావియా రెండూ 2022లో వచ్చాయి. ఇవి కవల పిల్లలు: ఇంజన్లు ఒకటే, వెడల్పు ఒకటే, డిక్కీ కూడా 521 లీటర్లే. ముఖాలు వేరు. డబుల్ యాక్షన్ సినిమాలో ఒకడికి మీసం పెట్టినట్టు! ఈ రెండింటి మధ్య ఎంపికకు బుర్ర బద్దలు కొట్టుకోవద్దు. ఏ షోరూమ్ తగ్గించి ఇస్తే అదే.

2023లో వచ్చిన వెర్నా టర్బో 160 గుర్రాలు. కాగితం మీద హీరో అదే. ఇదే కొలతల టర్బో ఇంజన్ని అదే ఏడు మన పెనుకొండలో తయారయ్యే కియా సెల్టోస్‌లోనూ పెట్టారు. అన్నట్టు, వర్టస్ కూడా మన గడ్డ మీద పుట్టేదేమో! 2005లో ఆ జర్మనీ కంపెనీ విశాఖకు వస్తుందని నమ్మి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఓ మధ్యవర్తి కంపెనీకి 11 కోట్లు కట్టింది. అది చివరికి సీబీఐ దర్యాప్తు దాకా పోయింది. ఫ్యాక్టరీ పూణే పక్కన చాకన్‌లో వెలిసింది. ఇంతకన్నా మంచి ఇంటర్వెల్ ఏ రచయిత రాస్తాడు చెప్పండి?

సిటీ సంగతి వేరు. 121 గుర్రాలు, టర్బో లేదు. దాని లాగుడు 145 న్యూటన్ మీటర్లు, అదీ ఇంజన్ 4300 చుట్లు తిరిగాక. వర్టస్ 1.5కి 250, అదీ 1600 చుట్లకే. తేడా ఎక్కడ తెలుస్తుందంటే తార్నాక ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు. సిటీని గేరు మార్చి బతిమాలాలి. వర్టస్ అడక్కుండానే లేస్తుంది. వెర్నా ఇంకాస్త తొందరపడుతుంది, కానీ మలుపులో నిబ్బరం నాకు వర్టస్‌లోనే ఎక్కువ కనిపించింది. నెమ్మదిగా తోలితే ఆ 1.5 ఇంజన్లో నాలుగు సిలిండర్లలో రెండు నిద్రపోయి పెట్రోలు మిగులుస్తాయి. ఈ సిగ్నల్‌కీ ఆ సిగ్నల్‌కీ మధ్య ఎంతసేపు నిద్రపోతాయో మీరే ఊహించుకోండి!

ప్రాణాల సంగతి. గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు 2023లో గోడకేసి కొట్టినట్టు పరీక్షలు చేస్తే వర్టస్, స్లావియా, వెర్నా మూడూ అయిదేసి నక్షత్రాలు తెచ్చుకున్నాయి. అయితే కవలల బాడీ గట్టిగా నిలిచిందన్నారు, వెర్నా బాడీ నిలకడ లేనిదన్నారు. నక్షత్రాలు లెక్కపెట్టి ఊరుకుంటే ఈ ముక్క తెలీదు. నాకైతే వెర్నా అక్కడే రెండో హీరో అయిపోయింది.

ఇక తమ్ముడూ, మీ గల్లీ దగ్గరికొద్దాం. సిటీ వెడల్పు 1748 మిల్లీమీటర్లు, కవలలు 1752, వెర్నా 1765. తేడా రెండు వేళ్ళంత లేదు. ఎదురుగా నీళ్ళ ట్యాంకరు వస్తే నాలుగూ వెనక్కి పోవాల్సిందే. ఆర్ట్స్ కాలేజీ రోడ్డు ఖాళీగా కనిపిస్తుంది, నిజమే. కానీ పొద్దున నడకకొచ్చే పెద్దవాళ్ళు, పుస్తకం పట్టుకుని చెట్లకింద తిరిగే పరీక్షల కుర్రాళ్ళు ఉండేది అక్కడే. అక్కడ 150 గుర్రాలూ వదిలావో, నువ్వే విలన్‌వి. ఔటర్ రింగ్ రోడ్డు మీద 2023లో వేగపరిమితిని 120కి పెంచారు. దాన్ని అందుకోవడానికి వర్టస్‌లోనే ఉన్న చిన్న ఇంజన్, 1 లీటరు, 115 గుర్రాలది, పుష్కలంగా చాలు. నేను తోలి చూశాను. మూడు సిలిండర్ల గురగుర కాస్త వినిపిస్తుంది, పాట పెడితే అదీ వినపడదు.

అందుకని నా ఓటు ఆ చిన్న ఇంజన్ వర్టస్‌కి, అదీ గేర్లు చేత్తో వేసుకునేదానికి. జీటీకీ దీనికీ మధ్య లక్షల తేడా ఉంది. నువ్వు నాన్న దగ్గర తీసుకోబోతున్నది దాదాపు ఆ తేడాయే కదూ! ఆ డబ్బు ఆయన బ్యాంకులోనే ఉండనీ. కాదు, రోజూ ట్రాఫిక్కే, గేర్లతో కాలు నొప్పి అంటావా? సిటీ హైబ్రిడ్ చూడు. కంపెనీ లెక్కన లీటరుకు 26 కిలోమీటర్ల పైమాటే, కానీ ధర కూడా జీటీ పక్కనే కూర్చుంటుంది.

టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కడివే పోకు. అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టు, మోకాళ్ళ సంగతి ఆవిడే చెబుతుంది. షోరూమ్ కుర్రాడు ఉప్పల్ రోడ్డు వైపు తిప్పుతానంటాడు, ఒప్పుకోకు. బండిని ముందు మీ గల్లీలోకి తెమ్మను.